సర్కారు తుమ్మ కొట్టడానికి సర్కారు డబ్బు: టెక్సాస్‌లో మా ఈక్విప్ అనుభవం

సొంత పొలం బాగుచేసుకుంటే ఖర్చులో కొంత అమెరికా ప్రభుత్వం ఇచ్చే పథకం ఈక్విప్. దానికి నేనిచ్చేది, ముందే చెప్పేస్తాను, ఐదుకి మూడున్నర స్టార్లు. మనిషి పొలానికొచ్చి నేల తవ్వి చూపించినదానికి ఐదు, కాగితాలకి రెండు, డబ్బు లెక్కకి మూడు. సగటు తీస్తే మూడున్నర రాదని నాకూ తెలుసు, ఆ పార పట్టుకున్న అమ్మాయి కోసం కొంచెం ఎక్కువేశాను.

డాలస్‌కి తూర్పున గంటన్నర దూరంలో మాకు 28 ఎకరాలు ఉన్నాయి, 2022 మార్చిలో కొన్నాం. ఇక్కడ మనవాళ్లు నలుగురు కలిస్తే ఒకప్పుడు గ్రీన్ కార్డు గురించి మాట్లాడుకునేవాళ్లు, ఇప్పుడు ల్యాండ్ గురించి. పదో ఇరవయ్యో ఎకరాలు కొనడం, ప్రాపర్టీ టాక్స్ తగ్గాలి కాబట్టి పక్క రాంచ్ ఆయన్ని ఆవులు మేపుకోమనడం, ఏడాదికోసారి పిల్లల్ని తీసుకెళ్లి ఫొటోలు దిగి రావడం. మొదట్లో నేనూ అంతే. ఆ ఏడాది ఆగస్టులో వెళ్తే గేటు దగ్గర నేల ఎంత పగిలిందంటే, కారు తాళాలు చేతిలోంచి జారి ఆ పగుల్లో పడ్డాయి, కంచె తీగ ముక్క వంచి గాలం వేసినట్టు వేసి బయటికి తీశాను. తీస్తూ తీస్తూ మట్టి చూశాను. నల్లరేగడి! మా పల్నాడులో పత్తి చేలల్లో ఎండాకాలం కాలు మడమ దిగిపోయే పగుళ్లు ఉంటాయే, అచ్చం అదే. ఇంటికొచ్చి వెబ్ సాయిల్ సర్వే అనే ప్రభుత్వ సైట్‌లో మా పొలం చుట్టూ గీత గీస్తే హ్యూస్టన్ బ్లాక్ అని చూపించింది, మన రేగడిలాగే అదీ వర్టిసాల్, అంటే తడిస్తే ఉబ్బి ఎండితే పగిలే జాతి నేల, ఇక్కడా ఒకప్పుడు పత్తి పండించినదే. ఆ సైట్ ఉచితం, లాగిన్ కూడా అక్కర్లేదు. ల్యాండ్ కొనే ముందే చూసుకోవాల్సింది, నేను కొన్నాక చూశాను.

నేల ఒకటే కాదు, చెట్టు కూడా మన చెట్టే. పొలంలో వెనకవైపు పదకొండు ఎకరాలు మెస్కీట్ నిండి ఉంది. ముళ్లు, సన్నటి ఆకులు, పసుపుపచ్చ కాయలు. వీడియో కాల్‌లో నాన్నకి చూపిస్తే, "ఇది మన సర్కారు తుమ్మ కదరా, డబ్బులు పోసి కంపచెట్లు కొనుక్కున్నావా" అన్నాడు. నిజంగానే దగ్గరి చుట్టాలు రెండూ. మనదాన్ని 1870ల్లో జమైకా నుంచి గింజలు తెప్పించి మద్రాసు ప్రెసిడెన్సీలో వేయించింది తెల్లవాళ్ల సర్కారు, అంటే అది అసలు ఈ వైపు ఖండం నుంచి మన దగ్గరికి వచ్చిన సరుకే. నేను ఇంత దూరం వచ్చి దాని పుట్టింట్లో పొలం కొన్నానన్నమాట.

ఈ కంప తీయించాలంటే ఎంతవుతుందని పక్క పొలం పెద్దాయన్ని అడిగాను. డెబ్బై దాటిన మనిషి, మాటకి ముందు ఒక నిమిషం ఆలోచిస్తాడు. "నీ జేబులోంచి తీసే ముందు ఎన్ఆర్‌సీఎస్ ఆఫీసుకి వెళ్లు" అన్నాడు. అప్పటిదాకా ఆ పేరు నేను వినలేదు.

వినని వాళ్ల కోసం చెప్తున్నాను. ఎన్ఆర్‌సీఎస్ అంటే నేచురల్ రిసోర్సెస్ కన్జర్వేషన్ సర్వీస్, అమెరికా వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏ కింద పనిచేస్తుంది. వాళ్ల దగ్గరున్న పథకాల్లో ఎక్కువమంది వాడేది ఈక్విప్, పూర్తి పేరు ఎన్విరాన్‌మెంటల్ క్వాలిటీ ఇన్సెంటివ్స్ ప్రోగ్రామ్, 1996 ఫార్మ్ బిల్లుతో, అంటే ఇక్కడి వ్యవసాయ చట్టంతో వచ్చింది. సొంత పొలంలో మట్టి కొట్టుకుపోకుండా, నీళ్లు పాడవకుండా, గడ్డి బాగుపడేలా కొన్ని పనులు చేస్తే, వాళ్ల కొలతల ప్రకారం చేస్తేనే సుమా, ఖర్చులో కొంత భాగం ఇస్తారు. కంప తీయడం, కంచె, పశువుల నీటి తొట్టి, దానికి పైపులైను, కవర్ క్రాప్ (నేల ఖాళీగా ఉండకుండా వేసే పైరు), ఇలా ప్రతి పనికీ ఒక నంబరు ఉంటుంది. కంచె 382, కంప తీయడం 314, తొట్టి 614. రెండేళ్లు తిరిగాక మా ఆవిడ కూడా "ఈ శనివారం 382 పనికి వెళ్తున్నావా, 614 పనికా" అని అడగడం మొదలుపెట్టింది.

ఆఫీసుకి వెళ్లాను. ఒకే బిల్డింగులో ఎఫ్ఎస్ఏ (ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ, ఇదీ యూఎస్‌డీఏదే), ఎన్ఆర్‌సీఎస్ రెండూ ఉంటాయి, మన దగ్గర ఎమ్మార్వో ఆఫీసు పక్కనే వ్యవసాయ శాఖ గది ఉన్నట్టు. వరండాలో ఒక పాత ఫొటో ఉంది, ఇళ్ల మీదికి కొండలా వస్తున్న నల్లటి దుమ్ము. 1935 ఏప్రిల్ 14న వచ్చిన తుఫానట, బ్లాక్ సండే అంటారు. టెక్సాస్ ఉత్తర కొసలో, ఓక్లహోమాలో గడ్డి నేలలన్నీ గోధుమ కోసం దున్నేశాక వరస కరువులు వచ్చి మట్టి మొత్తం గాల్లోకి లేచిన రోజులవి. ఆ నెల 27న సాయిల్ కన్జర్వేషన్ సర్వీస్ పెట్టారు, హ్యూ హమాండ్ బెన్నెట్ అనే మట్టి శాస్త్రవేత్త మొదటి అధిపతి, 1994లో పేరు మార్చి ఇప్పటి ఎన్ఆర్‌సీఎస్ చేశారు. ప్రైవేటు మనిషి పొలానికి ప్రభుత్వం ఎందుకు డబ్బివ్వాలి అని మనసులో ఒక మూల అనుమానంగానే వెళ్లాను, ఆ ఫొటో ముందు నిలబడ్డాక ఆ ప్రశ్న ఇక అడగాలనిపించలేదు. నా పొలంలో మట్టి లేస్తే పడేది పక్కవాడి ఇంటి మీద.

ఇప్పుడు పార సంగతి. రెండు వారాల్లో ఒక అమ్మాయి పొలానికి వచ్చింది, పాతికేళ్లుంటాయేమో, కాలేజీలో గడ్డి గురించే చదువుకుందట. ఆఫీసు పికప్ వెనక నుంచి ఒక పార, ఒక కొలకర్ర తీసింది. నేను అప్పటికే రంపంతో కొట్టిన ఒక మెస్కీట్ మొదలు చూపించి గొప్పగా "ఇలా వారానికి పది కొట్టేస్తాను" అన్నాను. తను ఏమీ అనలేదు. మొదలు పక్కన పార దింపి మట్టి తీసింది, రేగడి కదా, పారకి బంకలా పట్టుకుంటుంటే బూటుతో గీకేస్తూ జానెడు లోతు తవ్వింది. మోకాళ్ల మీద కూర్చుని వేలితో మట్టి తుడిచి, "ఇటు చూడండి" అంది. నేలకి కింద, మొదలు లావెక్కిన చోట చిన్న చిన్న మొగ్గలు, మేక పొదుగు మీద పులిపిర్లలా. "మీరు పైన కొట్టిన ప్రతిసారీ ఇవి నిద్ర లేస్తాయి. ఒక చెట్టు కొట్టి ఎనిమిది చెట్లు తెచ్చుకుంటున్నారు. ఈ మొగ్గలతో సహా పెకలించాలి, లేదా మందు వేరుదాకా దిగాలి." మందు కొట్టేదీ ఎప్పుడంటే అప్పుడు కాదట, వసంతంలో కొత్త ఆకు ముదిరాక, అడుగు లోతున నేల 75 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాకే, అప్పుడే చెట్టు తిండిని కిందికి పంపిస్తుంది, దాంతోపాటు మందూ దిగుతుంది.

ఆ సాయంత్రం నాన్నకి చెప్తే కాసేపు మాట్లాడలేదు. "ముప్పై ఏళ్లు గట్ల మీద గొడ్డలితో కొట్టాను రా" అన్నాడు. మళ్లీ అన్నాడు, "అయితే అక్కడ సర్కారు డబ్బులిచ్చి మరీ సర్కారు తుమ్మ తీయిస్తుందన్నమాట."

ఆ రోజు తను మూడు గంటలు తిరిగింది. కొలకర్రతో గడ్డి ఎత్తు కొలిచింది, నీళ్లు ఎటు పారతాయో చూసింది, ఆవులు ఒకే కుంట దగ్గర నిలబడి గట్టు తొక్కి పాడు చేస్తున్నాయని, కుంటకి దూరంగా తొట్టి పెట్టి పొలాన్ని నాలుగు మళ్లుగా చేసి ఆవుల్ని తిప్పితే గడ్డి సగం తినిపించి సగం వదిలెయ్యొచ్చని చెప్పింది. నెలలోపు మ్యాపులతో సహా ప్లాన్ చేతికొచ్చింది. దీనికి ఒక్క సెంటు తీసుకోలేదు. ఇది చాలామందికి తెలియదు: డబ్బు కోసం దరఖాస్తు పెట్టకపోయినా ఈ సలహా, ఈ ప్లాన్ ఉచితమే. నాకు రేపు ఈక్విప్ డబ్బు ఎత్తేశారని తెలిసినా ఈ ఒక్కదాని కోసం ఆ ఆఫీసుకి వెళ్తాను.

ఇక కాగితాలు. ముందు ఎఫ్ఎస్ఏ కౌంటర్లో ఫార్మ్ నంబరు తీసుకోవాలి, అది లేకపోతే మిగతా ఏదీ కదలదు. రిజిస్టరైన డీడ్ పట్టుకెళ్లండి. తర్వాత ఏడీ-1026, చిత్తడి నేలల్ని పూడ్చను, కోత పడే నేలని పద్ధతి లేకుండా దున్నను అని హామీ. తర్వాత సీసీసీ-941, మన ఆదాయం గురించి. మూడేళ్ల సగటు 9 లక్షల డాలర్లు దాటకూడదు, మా ఆవిడ ఆ అంకె చూసి "ఆ టెన్షన్ మనకి లేదులే" అంది. ఆ తర్వాతే అసలు దరఖాస్తు, సీపీఏ-1200. పేర్లు వింటే విమానాల మోడల్ నంబర్లలా ఉన్నాయి కదా. ఒక్కో కాగితం కష్టమేమీ కాదు, కానీ ఏది ఏ కౌంటర్లో ఇవ్వాలో మనసుకెక్కేసరికి నాలుగు ట్రిప్పులు, నాలుగు సార్లు ఆఫీసు సెలవు. నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఎల్ఎల్‌సీ అనే కంపెనీ పెట్టి దాని పేరున కొన్నవాళ్లయితే ఇంకో తలనొప్పి, ఆదాయం కాగితం ఎల్ఎల్‌సీకి ఒకటి, అందులో ప్రతి మెంబరుకీ ఒకటి. మీలో ఒకరు సంతకానికి బద్ధకించేవాళ్లుంటే, ప్రతి గ్రూపులో ఒకరుంటారు, అక్కడే ఆగిపోతుంది.

పనిలో పనిగా ఇంకో మాట, ఇది ఈక్విప్‌కి సంబంధం లేదు కానీ అదే ఎఫ్ఎస్ఏ కౌంటర్ సంగతి. హెచ్‌వన్‌బీ మీద ఉండి వ్యవసాయ భూమి కొన్నవాళ్లు ఎఫ్ఎస్ఏ-153 అనే ఫారం 90 రోజుల్లో ఇవ్వాలి. 1978 నాటి చట్టం, విదేశీయుల చేతిలో ఉన్న పొలాల లెక్క కోసం. సిటిజన్లకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి అక్కర్లేదు. ఇవ్వకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా వెయ్యొచ్చు. మాకు తెలిసిన ముగ్గురు ఈ ఫారం పేరు కూడా వినలేదు, అమ్మిన రియల్టర్ చెప్పలేదు, హక్కు కాగితాలు చూసే టైటిల్ కంపెనీ చెప్పలేదు. మీ దగ్గర అలాంటి భూమి ఉంటే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చూడండి.

దరఖాస్తు పెట్టినంత మాత్రాన డబ్బు రాదు. ప్రతి దరఖాస్తుకీ మార్కులు వేస్తారు, మీ పొలంలో సమస్య ఎంత పెద్దది, మీరు చేసే పని దాన్ని ఎంత తగ్గిస్తుంది అని. పై నుంచి వరసగా ఇచ్చుకుంటూ వస్తారు, డబ్బు అయిపోయిన చోట గీత. మొదటి ఏడాది మేం గీత కింద ఉన్నాం. కోపం రాలేదు కానీ ఉసూరుమనిపించింది. దరఖాస్తు అలాగే ఉంచమంటే ఉంచారు, రెండో ఏడాది కొత్త గడువుకి ప్లాన్‌లో నాలుగు మళ్లలో మేపే పద్ధతి, 528 నంబరు, చేర్చాం, ఈసారి గీత పైకొచ్చాం. 2024 జూన్‌లో కాంట్రాక్టు మీద సంతకం. ఆఫీసు గడప తొక్కిన రోజు నుంచి లెక్కేస్తే దాదాపు రెండేళ్లు. ఈ వేసవిలో దరఖాస్తు పెట్టి దసరాకి కంచె వేద్దాం అనుకునేవాళ్లు ఇటు రావొద్దు, సొంత డబ్బుతో వేసుకోండి, ప్రాణం హాయిగా ఉంటుంది.

ఆ రెండేళ్ల మధ్యలోనే నేను చేసిన తెలివితక్కువ పని. 2024 మార్చిలో ఒక దుకాణంలో ఇనుప టీ-పోస్టులు తగ్గింపు ధరకి వచ్చాయి. ఎలాగూ కాంట్రాక్టు వస్తుందంటున్నారు కదా అని కొనేశాను, కొన్నాక ఊరికే ఉండలేక రెండు వారాంతాలు ఇద్దరు ఫ్రెండ్స్‌ని పిలిచి బిర్యానీ పెట్టి ఏడు వందల అడుగుల కంచె వేయించాను. ఏప్రిల్‌లో ఆ అమ్మాయి ఇంకోసారి చూడ్డానికి వచ్చింది, కొత్త కంచె చూసి ఆగిపోయింది. నిజంగా బాధపడుతూ చెప్పింది, కాంట్రాక్టు మీద సంతకాలవకముందు మొదలుపెట్టిన పనికి డబ్బు ఇవ్వకూడదట. ముందే అడిగి ఉంటే రాతపూర్వకంగా మినహాయింపు ఇవ్వడానికి ఒక దారి ఉంది, నేను అడగలేదు. ఆ ఏడు వందల అడుగులు ప్లాన్‌లోంచి తీసేశారు. మొదటి రోజు ఇచ్చిన కాగితంలో బోల్డ్ అక్షరాల్లో ఆ మాట ఉంది, నేనే చదవలేదు, ఇందులో వాళ్ల తప్పు వెతకను. అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేవాళ్లు. అడగకపోవడం మన మగవాళ్ల జబ్బు అని మా ఆవిడ అంటుంది, దానికి నా దగ్గర జవాబు లేదు.

డబ్బు లెక్క జాగ్రత్తగా చదవండి, అందరూ ఇక్కడే పొరపాటు పడతారు. మామూలు రైతుకి ఖర్చులో 75 శాతం దాకా, వ్యవసాయంలోకి వచ్చి పదేళ్లు దాటనివాళ్లకి 90 శాతం దాకా అని ఉంటుంది. మేం పదేళ్లలోపు వాళ్లమే కాబట్టి 90 అని నేను ఎగిరి గంతేశాను. కానీ ఆ 90 శాతం మీ బిల్లు మీద కాదు. రాష్ట్రానికి ఒక రేట్ల పట్టిక ఉంటుంది, అడుగు కంచెకి ఇంత, ఎకరం కంపకి ఇంత, తొట్టికి ఇంత అని, సగటు ఖర్చు అంచనా వేసి ముందే కట్టేసిన రేట్లు. మీ కాంట్రాక్టర్ ఎంత తీసుకున్నాడన్నది వాళ్లకి అక్కర్లేదు. చవగ్గా చేయించుకుంటే మీకు మిగులు, ఎక్కువ పోస్తే మీ జేబు. డాలస్‌కి గంటన్నర దూరంలో కూలి రేట్లు ఎలా ఉంటాయో తెలుసు కదా, వాళ్లు సగటు తీసిన పశ్చిమ టెక్సాస్ పల్లెలాంటి చోట్ల రేట్లకీ మా దగ్గర రేట్లకీ పొంతన లేదు. చివరికి మాకు అయిన బిల్లులు 21,400 డాలర్లు, వాళ్ల దగ్గర నుంచి వచ్చింది 13,100. కాగితం మీద తొంభై, చేతికి అరవై ఒకటి. ఇది తక్కువని అనను, ఇంకెవరూ ఇవ్వరు. కానీ అరవై అని ముందే తెలిసి ఉంటే తొట్టి ఒక సైజు చిన్నది పెట్టుకునేవాణ్ని.

ఇంకోటి, ముందు మన డబ్బు పెట్టాలి, పని పూర్తయ్యాక వాళ్లొచ్చి కొలిచాక బ్యాంకులో పడుతుంది. ఊళ్లో నాన్న డ్రిప్ పెట్టించినప్పుడు తన వాటా కట్టాడు, మిగతా సబ్సిడీ ప్రభుత్వం నేరుగా కంపెనీకే ఇచ్చింది, కాబట్టి పెద్ద మొత్తం చేతిలో లేకపోయినా పని జరిగింది. ఇక్కడ మొత్తం మనమే పెట్టుకోవాలి. కొత్త రైతులకి సగం అడ్వాన్సుగా తీసుకునే వీలుంది, కాకపోతే 90 రోజుల్లో దాన్ని ఖర్చు పెట్టి తీరాలి. ఆ 90 రోజుల మాట చూసి నేను వద్దన్నాను, ఎందుకు వద్దన్నానో కింద చదివితే మీకే అర్థమవుతుంది.

పైపులైను వేయడానికి ఒకతన్ని పెట్టుకున్నాం. పేరు చెప్పను. మాట తీపి, పని వంకర. ప్లాన్‌లో పైపు 18 అంగుళాల లోతున ఉండాలని రాసి ఉంది. 2021 ఫిబ్రవరి గడ్డు చలిలో ఇక్కడ ఇళ్లలో పైపులే పగిలిపోయాయి, పొలంలో పైకి వేస్తే ఇక చెప్పాలా. ఇతను నేను లేని రోజు చూసి మొత్తం పూడ్చేశాడు, "పద్దెనిమిదికి ఇంకా ఎక్కువే పెట్టాను బ్రదర్" అన్నాడు. ఆఫీసు నుంచి ఈసారి ఒక పెద్దాయన టేపు పట్టుకుని వచ్చాడు. మూడు చోట్ల గుంట తీయమన్నాడు. మొదటి గుంట పంతొమ్మిది. నేను ఊపిరి పీల్చుకున్నాను. రెండోది పదకొండు. మూడోది, తొట్టి పక్కనే, తొమ్మిది! పార మొన తగిలి పైపు తెల్లగా కనిపించింది. ఆయన టేపు చుట్టి జేబులో పెట్టుకుని, "సరిచేశాక ఫోన్ చెయ్యి, మళ్లీ వస్తాను" అన్నాడు, అంతే, చిరాకు లేదు, లెక్చర్ లేదు. కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇంకొకళ్లని పెట్టి తవ్వించి దింపేసరికి ఆరు వారాలు, 1,900 డాలర్లు అదనం, పైన చెప్పిన 21,400లో అది కలిసే ఉంది. అడ్వాన్సు తీసుకుని ఉంటే ఆ ఆరు వారాలు నాకు నిద్ర ఉండేది కాదు.

ఆ రోజు ఆయన మీద నాకు ఒళ్లు మండింది, నిజం ఒప్పుకుంటాను. తొమ్మిదంగుళాలైతే ఏమవుతుందిలే, ఒక సంతకం పెట్టేస్తే పోదా అనుకున్నాను. మొన్న జనవరిలో మూడు రోజులు వరసగా గడ్డకట్టే చలి వచ్చింది, కుంట అంచు గాజు పలకలా అయింది, తొట్టిలో పైన మంచు పగలగొడితే కింద నీళ్లు వస్తూనే ఉన్నాయి. పక్క పొలం పెద్దాయన ఆవులు రెండు రోజులు మా తొట్టి దగ్గరే తాగాయి.

డబ్బు మాత్రం కొలత పాసయ్యాక నెల తిరక్కుండానే పడింది. ఆ తర్వాత ఏడాది మొదట్లో 1099-జీ అనే పన్ను కాగితం వస్తుంది, కంగారు పడకండి, ఇది పన్ను లెక్కలో చూపించాల్సిన డబ్బే. కొన్ని పనులకి వచ్చినదాన్ని పన్ను చట్టం సెక్షన్ 126 కింద ఆదాయంలోంచి తప్పించే వీలుంది, అది మీ సీపీఏని, అంటే పన్ను లెక్కలు చేసే ఆడిటర్ని అడగండి, ఐటీ ఉద్యోగుల రిటర్నులు మాత్రమే చేసే సీపీఏ అయితే ఆయనకి మీరే చెప్పాల్సి రావచ్చు, మా సీపీఏకి నేనే చెప్పాను.

ల్యాండ్ కొని మూడేళ్లలో అమ్మేద్దామనుకునేవాళ్లు ఒకసారి ఆగండి. కట్టిన ప్రతిదానికీ ఒక ఆయుష్షు రాసి ఉంటుంది, కంచెకి 20 ఏళ్లు. అన్నాళ్లు దాన్ని బాగా ఉంచే పూచీ మీది. కాంట్రాక్టు నడుస్తుండగా అమ్మితే కొన్నవాడు దాన్ని తన పేరు మీదికి మార్చుకోవాలి, వాడు ఒప్పుకోకపోతే తీసుకున్న డబ్బు వెనక్కి అడగొచ్చు. రియల్ ఎస్టేట్ ఆలోచనతో ఉన్న మనిషికి ఇది కాళ్లకి బంధమే.

2025 మొదట్లో ఇంకో సంగతి జరిగింది. ప్రభుత్వం మారాక, 2022 ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ డబ్బుతో రాసిన కాంట్రాక్టుల చెల్లింపులు కొన్నాళ్లు ఆపేశారు. సంతకాలయ్యాయి కదా అని అప్పు చేసి పని పూర్తి చేసిన రైతులు వాషింగ్టన్ వైపు చూస్తూ కూర్చున్నారు. మాది మామూలు ఫార్మ్ బిల్లు డబ్బు కాబట్టి తగల్లేదు, కాంట్రాక్టు రాసేటప్పుడు ఆ తేడా ఉంటుందని కూడా నాకు తెలియదు. మీ సంతకం రోజు ఇది ఏ పద్దు నుంచి వస్తోందని ఒక్క మాట అడగండి. మొత్తం సొంత డబ్బుతో పూర్తి చేసి, ఆ చెల్లింపు ఆలస్యమైనా ఇల్లు నడుస్తుందంటేనే దిగండి.

వేరే పథకాల గురించి ఎక్కువ చెప్పలేను, వాడలేదు. ఇప్పటికే పొలాన్ని బాగా చూసుకుంటూ ఇంకొంచెం చేస్తామనేవాళ్లకి సీఎస్‌పీ, అయిదేళ్ల కాంట్రాక్టు. పొలాన్ని పదేళ్ల నుంచి పదిహేనేళ్లు సాగు మానేసి గడ్డికో చెట్లకో వదిలితే ఏటా కౌలులాగా ఇచ్చేది సీఆర్‌పీ, 1985 నుంచి ఉంది, దాన్ని ఎఫ్ఎస్ఏ వాళ్లు చూస్తారు. కూరగాయలు పెంచుకోవాలనే మనవాళ్లకి పనికొచ్చేది హై టన్నెల్, ప్లాస్టిక్ కప్పిన పెద్ద పందిరి, అదీ ఈక్విప్‌లోనే, 325 నంబరు. మొక్కలు నేలలోనే పెట్టాలి, అందులో ట్రాక్టరూ బోటూ దాచుకుంటానంటే కుదరదు. మా ఫ్రెండ్ ఒకతను గోంగూర, దోసకాయ వేశాడు, చుట్టూ ఉన్న నాలుగు అపార్ట్‌మెంట్ల మనవాళ్లు శనివారం పొద్దున్నే అతని గేటు ముందు ఉంటారు.

మాకు ఆరు ఆవులు. పోయిన ఏడాది వేసవిలో కంప మీద మందు కొట్టించాం, ఎండిన మోళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి, వాటి కింద నుంచి లిటిల్ బ్లూస్టెమ్ అనే గడ్డి వేసినవాళ్లెవరూ లేకుండా తనంతట తానే లేచింది. గింజ నేలలో ఎన్నాళ్ల నుంచి ఉందో. మూడో మడిలో మోకాలి దాకా ఉంది, అక్కడికి ఆవుల్ని అక్టోబర్ దాకా వదలొద్దని ప్లాన్‌లో రాసి ఉంది, అవి కంచె అవతల వరసగా నిలబడి అటే చూస్తుంటాయి. గేటు పక్కన రెండు మెస్కీట్లు మాత్రం మళ్లీ చిగురేశాయి, ఆ మందు సరిగ్గా దిగలేదు. నాన్న ఫోన్‌లో కిందిదాకా తవ్వి చూపించమంటాడు, మొగ్గలు లెక్కపెడతాడు.

ఇంకో పదకొండు ఎకరాల్లో నాటు గడ్డి గింజ వేయడానికి, 550 నంబరు, మళ్లీ దరఖాస్తు పెడుతున్నాం. గింజలు అమ్మే దుకాణం వాళ్లు నిన్ననే ఇరవై శాతం తగ్గింపు అని మెసేజ్ పంపారు. ఫోన్ మా ఆవిడ చేతికిచ్చేశాను.